పచ్చని రోజుల్లో వేసిన వామి
వై.వి. రెడ్డి గారి ఉద్యోగ జీవితం నుండి పాల సంఘాలకు ఒక పాఠం

పాల సంఘం సభ్యులకు ఆర్థిక శాస్త్రంతో ఏమి పని అని కొందరు అడుగవచ్చును. గేదె ఈనిన తరువాత పాలు దండిగా ఉన్న నాలుగు నెలల్లో వచ్చిన డబ్బు ఎంత ఖర్చు పెట్టవలెను, ఎంత దాచవలెను అన్న ప్రశ్న ప్రతి ఇంటిలోనూ ఉన్నది. సంఘానికీ అదే ప్రశ్న, దేశానికీ అదే ప్రశ్న. దేశం తరఫున ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసి వచ్చిన మన సీమ మనిషి ఒకరున్నారు. ఆయన పని తీరును ఈ పాఠంలో తెలుసుకొందాము.

యాగ వేణుగోపాల్ రెడ్డి గారు 1941 ఆగస్టు 17న అప్పటి కడప జిల్లాలోని పాటూరు గ్రామంలో జన్మించినారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో ఎం.ఏ., ఉస్మానియాలో డాక్టరేటు పొందినారు. కొంతకాలం అధ్యాపకులుగా పనిచేసి, 1964లో ఐ.ఎ.ఎస్.లో చేరినారు. రాష్ట్ర ప్రభుత్వంలోను, ఢిల్లీలోను పనిచేసిన తరువాత 1996లో రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు అయినారు. 2002లో అంతర్జాతీయ ద్రవ్యనిధిలో ఎగ్జిక్యూటివ్ డైరెక్టరుగా వెళ్లి, 2003 సెప్టెంబరు నుండి 2008 సెప్టెంబరు వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్నారు.

బంగారం తాకట్టు పెట్టిన సంవత్సరం

1991లో మన దేశం దగ్గర విదేశీ డబ్బు కొద్ది వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే స్థితికి వచ్చినది. ఆ సంవత్సరం మే నెలలో 20 టన్నుల బంగారాన్ని తిరిగి కొనుక్కొనే షరతు మీద విదేశంలో అమ్మినారు. జూలైలో సుమారు 47 టన్నులు ఇంగ్లండు, జపాను బ్యాంకుల వద్ద కుదువ పెట్టి అప్పు తెచ్చినారు. ఆ రోజుల్లో రెడ్డి గారు కేంద్ర ఆర్థిక శాఖలో విదేశీ చెల్లింపుల వ్యవహారం చూచే సంయుక్త కార్యదర్శి. ఎండాకాలంలో మేత లేక, ఇంట్లో నగలు కుదువ పెట్టి చొప్ప కొన్న రైతుకు ఆ బాధ ఎట్టిదో వేరే చెప్పనక్కరలేదు.

మంచి కాలంలో పగ్గం

ఆయన గవర్నరుగా ఉన్న కాలం ఇందుకు భిన్నమైనది. విదేశాల నుండి డబ్బు వరదగా వచ్చినది. ఇండ్లు, స్థలాలు, వాటాల ధరలు పెరిగినవి. అప్పు ఇచ్చేవారు, తీసుకొనేవారు ఇద్దరూ ఉత్సాహంగా ఉన్నారు. సరిగ్గా అప్పుడే రిజర్వు బ్యాంకు పగ్గం బిగించినది. ముఖ్యంగా మూడు పనులు చేసినది.

మొదటిది: ప్రజల డిపాజిట్లలో నూటికి ఇంత అని బ్యాంకులు రిజర్వు బ్యాంకు వద్ద నగదుగా ఉంచవలెను. 2004లో ఇది నూటికి నాలుగున్నర రూపాయలు. మెట్టుమెట్టుగా పెంచుతూ 2008 ఆగస్టు చివరికి 9 రూపాయలు చేసినారు.

రెండవది: బ్యాంకు ఇచ్చే అప్పుకు తన సొంత మూలధనం కొంత అండగా ఉండవలెను. దుకాణ సముదాయాలు, పెద్ద కట్టడాల వ్యాపారానికి నూరు రూపాయలు అప్పిస్తే లోగడ 9 రూపాయల మూలధనం సరిపోయేది. 2005లో దానిని పదకొండుంబావుకు, 2006లో పదమూడున్నరకు పెంచినారు. అప్పు ఇవ్వవద్దని చెప్పలేదు. ఇచ్చేవాడు తన చేతి సొమ్ము ఎక్కువ పెట్టవలెనని చెప్పినారు.

మూడవది: వచ్చిన విదేశీ డబ్బును వీలైనంత నిల్వ చేసినారు. 2008 మధ్య నాటికి ఆ నిల్వ 30 వేల కోట్ల డాలర్లు దాటినది.

ఇవి అందరికీ నచ్చిన పనులు కావు. వడ్డీలు పెరుగుతున్నవని, అభివృద్ధికి అడ్డు పడుతున్నారని వ్యాపారులు, బ్యాంకుల వారు విమర్శించినారు. ప్రభుత్వంతో కూడ అభిప్రాయభేదాలు వచ్చినవి. ధరల విషయంలో ఆయన జాగ్రత్త పూర్తిగా ఫలించలేదు. ప్రపంచంలో చమురు ధరలు మండిపోగా 2008 వేసవి నాటికి ఇక్కడ టోకు ధరల పెరుగుదల రెండంకెలు దాటినది. ఇది కూడ సభ్యులు గుర్తుంచుకోవలెను. ఎంత మంచి యజమాని అయినా వానను ఆపలేడు, ఎండను ఆపలేడు.

వామి తెరిచిన వేళ

ఆయన 2008 సెప్టెంబరు మొదటి వారంలో పదవి విడిచినారు. అదే నెల 15వ తేదీన అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద సంస్థ దివాలా తీసినది. ప్రపంచమంతటా బ్యాంకులు తడబడినవి. మన దేశానికీ దెబ్బ తగిలినది గాని, మన బ్యాంకులు కూలలేదు. ఆయన తరువాత గవర్నరు అయిన దువ్వూరి సుబ్బారావు గారు కూడ తెలుగువారే. ఆయన నగదు నిల్వను 9 నుండి 2009 జనవరి నాటికి 5 రూపాయలకు తగ్గించి, ఆ డబ్బును మళ్లీ బ్యాంకుల చేతికి వదిలినారు. ఒకరు వామి వేసినారు, మరొకరు కరువులో దానిని తెరిచినారు. వేసి ఉండకపోతే తెరవడానికి ఏమున్నది?

గ్రామానికి వచ్చిన సొమ్ము

2010లో రెడ్డి గారికి పద్మవిభూషణ్ లభించినది. 2013లో 14వ ఆర్థిక సంఘానికి అధ్యక్షులైనారు. కేంద్ర పన్నులలో రాష్ట్రాల వాటాను నూటికి 32 నుండి 42కు పెంచవలెనని ఆ సంఘం సిఫారసు చేయగా 2015 నుండి అమలు జరిగినది. అయిదేండ్లకు గ్రామ పంచాయతీలకు రెండు లక్షల కోట్లకు పైగా గ్రాంటు సూచించినది. అందులో పదవ వంతు లెక్కల తనిఖీ చేయించి, సొంత రాబడి పెంచుకొన్న పంచాయతీలకే అని షరతు పెట్టినది. నమ్మి డబ్బు ఇయ్యవలెను, లెక్క కూడ అడుగవలెను అన్నది ఇందులోని నీతి. పదవులు ముగిసిన తరువాత కూడ ఆయన గ్రంథాలు వ్రాస్తూ, ఉపన్యాసాలిస్తూ ప్రజా విధానాలపై తన మాట చెప్పినారు.

మన సంఘానికి ఏమి పనికి వచ్చును?

మహానంది కోనేరు మనకందరికీ తెలిసినదే. నల్లమల పాదాన ఊరే నీరు ఒక వైపు వచ్చుచుండును, మరొక వైపు పోవుచుండును; కోనేటిలో మట్టం మాత్రం నిలిచియుండును. అడుగు వరకు తేటగా కనిపించును. బయటికి పోయే నీరు వరి మళ్లకు, అరటి తోటలకు పారును. సంఘం ఖాతా కూడ అట్లే ఉండవలెను. డబ్బు పారవలెను, మట్టం తగ్గరాదు, అడుగు అందరికీ కనిపించవలెను.

ఒక లెక్క చూడండి. రోజుకు 300 లీటర్లు పోసే సంఘం, పాలు దండిగా ఉన్న 120 రోజులు లీటరుకు 25 పైసలు వేరుగా ఉంచినదనుకొందాము. రోజుకు 75 రూపాయలు, మొత్తం 9,000 రూపాయలు. వేసవిలో చొప్పకో, దాణాకో, మందులకో ఆ సొమ్ము ఉపయోగపడును. మిగులు అంతా బోనసుగా పంచమని అడిగే సభ్యుని తప్పు పట్టము. అది అతని కష్టార్జితమే. ఎంత దాచుచున్నామో, ఎందుకు దాచుచున్నామో, ఎప్పుడు తెరుస్తామో అతనికి ముందుగా చెప్పడం మాత్రం పాలకవర్గం బాధ్యత. పేరున్న వారికి హద్దు లేకుండా అడ్వాన్సులిచ్చి, చిన్న సభ్యుని పాల బిల్లు ఆపడం ఎన్నటికీ తగదు.

రాబోయే సంఘ సమావేశంలో ఈ ప్రశ్నలు చర్చించవలసినదిగా కోరుచున్నాము:

1. వేసవి కొరకు మన సంఘంలో నిల్వ నిధి ఎంత ఉన్నది? అది సభ్యులందరికీ తెలియునా?
2. అడ్వాన్సులకు హద్దు ఉన్నదా? పెద్ద సభ్యునికి, ఒక గేదె ఉన్న సభ్యురాలికి ఒకటే నియమమా?
3. నిల్వ నిధిని తెరిచే అధికారం ఎవరిది? ఏ సందర్భంలో తెరువవలెను?
4. గత సంవత్సరం ఆడిట్ నివేదికను సమావేశంలో చదివి వినిపించినారా?

చదువురాని సభ్యులకు కార్యదర్శి గారు ఈ పాఠం చదివి వినిపించగలరు.