ఊళ్లు తిరిగిన గురువు – కన్ఫ్యూషియస్



ఈ ఏడాది మన పాఠశాలకు దగ్గర్లోని ఒక కళాశాలలో కన్ఫ్యూషియస్ బోధనల మీద అతిథి ఉపన్యాసాలు జరిగాయి. పదకొండో తరగతి పిల్లలను వెంటబెట్టుకొని మేమూ వెళ్లాం. బయటి నుంచి వచ్చిన ఇద్దరు అధ్యాపకులు మాట్లాడారు. చివర్లో మన పిల్లల్లో ఒక అమ్మాయి లేచి, "తరతరాలుగా ఒకే ఊళ్లో ఉండేవాళ్లకు ఈ మాటలు బాగానే ఉంటాయి సార్. రెండు మూడేళ్లకోసారి ఊరు మారే మాకు ఇవి ఎలా పనికొస్తాయి?" అని అడిగింది. మనందరికీ సంబంధించిన ప్రశ్న అది. అందుకే ఆ రోజు విన్నవీ, తర్వాత మేము చదివినవీ కలిపి ఈ పాఠంగా రాస్తున్నాం.

ఎవరీయన?

కన్ఫ్యూషియస్ క్రీ.పూ. 551లో చైనాలోని 'లూ' అనే చిన్న రాజ్యంలో పుట్టాడు. ఆ ఊరు ఇప్పటి షాండాంగ్ ప్రాంతంలోని చూఫూ. చైనావాళ్లు ఆయనను 'కుంగ్ ఫూజీ' అంటారు. అంటే కుంగ్ గురువుగారు అని అర్థం. ఐరోపా నుంచి చైనాకు వెళ్లిన క్రైస్తవ మతబోధకులు ఆ పేరును లాటిన్ పద్ధతిలో రాసుకోవడంతో అది 'కన్ఫ్యూషియస్' అయింది.

చిన్నతనంలోనే తండ్రి పోయాడు. తల్లి పెంచింది. వయసు వచ్చాక ధాన్యపు కొట్ల లెక్కలు, పశువుల లెక్కలు చూసే చిన్న ఉద్యోగాలు చేశాడని చెబుతారు. తర్వాత గురువయ్యాడు. ఆ రోజుల్లో చదువు గొప్పింటి పిల్లలకే దక్కేది. ఆయన మాత్రం గురుదక్షిణగా ఎండుమాంసం కట్ట ఒకటి తెచ్చుకున్నవాడికి కూడా చదువు చెప్పాడు.

యాభై దాటాక ఆయన సొంత రాజ్యం వదిలి, శిష్యులతో కలిసి సుమారు 14 ఏళ్లు రాజ్యం తర్వాత రాజ్యం తిరిగాడు. తన మాట విని చక్కగా పాలించే రాజు దొరుకుతాడేమోనని ఆయన ఆశ. ఎవరూ దొరకలేదు. ఒకచోట దారిలో తిండి కూడా అయిపోయి శిష్యులు నీరసించిపోయారు. క్రీ.పూ. 484లో లూ రాజ్యానికి తిరిగి వచ్చి, క్రీ.పూ. 479లో కన్నుమూశాడు. ఆయన మాటలను శిష్యులు, వాళ్ల శిష్యులు తర్వాత 20 అధ్యాయాలుగా కూర్చారు. ఆ గ్రంథం పేరు 'లున్‌యూ'.

చూశారా? ఊరు మారడం అంటే ఏమిటో ఆ గురువుకు బాగా తెలుసు.

మూడు మాటలు

ఒకటి, 'రెన్'. తోటి మనిషి పట్ల ఉండవలసిన మంచితనం. చైనా లిపిలో ఈ అక్షరంలో 'మనిషి' గుర్తు, 'రెండు' గుర్తు పక్కపక్కన ఉంటాయి. మంచితనం ఒంటరిగా కుదరదు, ఎదుట ఇంకో మనిషి ఉండాలి. మనకు జరిగితే నచ్చనిది ఇతరులకు చేయకపోవడమే జీవితమంతా పాటించదగినదని ఆయన ఒక శిష్యుడికి చెప్పాడు. తిక్కనగారి భారతంలో ఇదే అర్థం వచ్చే కంద పద్యం ఉంది. మీ అమ్మమ్మనో తాతయ్యనో అడగండి, చాలామందికి అది నోటికి వచ్చు.

రెండు, 'లీ'. పదిమందిలో మెలగవలసిన పద్ధతి, మర్యాద. ఆయన ఒక పెద్ద దేవాలయానికి వెళ్లి, అక్కడ జరిగే ప్రతి పనినీ అడిగి తెలుసుకున్నాడట. మర్యాదలన్నీ తెలిసినవాడని పేరేగానీ ఈయనకేం తెలుసని ఎవరో ఎగతాళి చేశారు. అలా అడగడమే మర్యాద అని ఆయన జవాబు. కొత్త బడిలో మొదటి రోజు ఏ బెంచీలో కూర్చోవాలో, అసెంబ్లీలో ఏ వరుసలో నిలబడాలో అడగడానికి మీరు ఎందుకు సిగ్గుపడతారు?

మూడు, 'షియావ్'. తల్లిదండ్రుల పట్ల భక్తి. వాళ్లు బతికుండగా దూరాలు వెళ్లవద్దని, వెళ్లక తప్పకపోతే ఎక్కడ ఉన్నామో వాళ్లకు తెలిసేలా ఉండాలని ఆయన బోధ. మన ఇళ్లలో దీన్ని రోజూ ఎదుర్కొంటున్నది మీరు కాదు, మీ అమ్మానాన్నలు. వాళ్లూ ఎక్కడో ఉన్న తల్లిదండ్రులకు పిల్లలే. రాత్రి మీ నాన్న ఊరికి ఫోన్ చేసి "అన్నం తిన్నావా అమ్మా?" అని అడుగుతున్నప్పుడు టీవీ శబ్దం తగ్గించండి.

పెద్దల మాట తప్పైతే?

ఈ ప్రశ్న కూడా ఆ రోజు వచ్చింది. తల్లిదండ్రులు పొరబడితే పిల్లలు మెత్తగా చెప్పవచ్చునని కన్ఫ్యూషియసే అన్నాడు. వినకపోయినా గౌరవం తగ్గకూడదన్నాడు. అయితే తర్వాతి కాలంలో చాలామంది మొదటి సగం మరిచి, అణకువ ఒక్కటే పట్టుకున్నారు. చైనాలో ఈ గ్రంథాల ఆధారంగా ప్రభుత్వోద్యోగాలకు పరీక్షలు పెట్టేవారు. పుట్టుకను కాక చదువును చూసి ఉద్యోగం ఇవ్వడం గొప్ప మార్పే. కానీ 1905లో రద్దయ్యేదాకా ఆ పరీక్షలు స్త్రీలకు లేవు. 1919 ప్రాంతంలో చైనా యువకులు ఈ సంప్రదాయాన్ని గట్టిగా విమర్శించారు. ఏ గురువు మాటనైనా గౌరవంతో వినాలి, ఆలోచించి తీసుకోవాలి.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. "ఎలాగూ వెళ్లిపోతాం కదా, స్నేహం ఎందుకు?" అని మీలో కొందరు అనడం మేము విన్నాం. మేమూ ట్రాన్స్‌ఫర్ల మీద ఊళ్లు మారినవాళ్లమే, ఆ బాధ తెలుసు. కానీ కన్ఫ్యూషియస్ 14 ఏళ్ల తిరుగుడులో ఏ ఊరూ ఆయనకు సొంతం కాలేదు. శిష్యులతో బంధం మాత్రం నిలిచింది. ఆయన మాటలు మన దాకా వచ్చింది ఆ బంధం వల్లనే. ఉండేది రెండేళ్లే అయినా పక్కవాడితో బాగుండటానికి అది తక్కువ సమయం కాదు.

చేసి చూడండి

1. మీ తరగతికి కొత్తగా వచ్చినవారికి, వాళ్లు అడగకముందే మూడు విషయాలు చెప్పండి.
2. వెనకటి ఊళ్లోని ఒక స్నేహితుడికి తెలుగులో ఉత్తరం రాయండి. తెలుగు రానివారైతే వాళ్ల భాషలో రాయండి.
3. తిక్కనగారి ఆ పద్యాన్ని ఇంట్లో పెద్దల నోట విని, అర్థంతో సహా నోట్‌బుక్‌లో రాసుకొని రండి. తరగతిలో చదువుదాం.