కిరణ్ విమానం

ఆకాశంలో విన్యాసాలు చేయడానికి యుద్ధవిమానమే కానక్కరలేదు. ఇందుకు ‘కిరణ్’ ఉదాహరణ. హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ బెంగుళూరులో రూపొందించిన ఈ జెట్ శిక్షణ విమానం 1964లో తొలిసారి ఎగిరింది. ఇందులో గురుశిష్యులు పక్కపక్కనే కూర్చుంటారు. హైదరాబాదు సమీపాన దుండిగల్, హకీంపేటలలో ఎందరో పైలట్లు దీనిపై శిక్షణ పొందారు.

నిలకడ, చెప్పినట్లు వినడం శిక్షణ విమానానికి ఉండవలసిన గుణాలు. విన్యాసాలకు కావలసినవీ అవే. అందువల్ల 1996లో బీదరులో ఏర్పడిన వైమానిక దళపు ‘సూర్యకిరణ్’ బృందం కిరణ్ మార్క్ 2ను స్వీకరించింది. దానికి మెరిసే రంగులు వేసి, పొగ వెలువరించే ఏర్పాటు చేశారు. తొమ్మిది విమానాలు కొద్ది మీటర్ల ఎడంతో, ఒకే పక్షిలా ఎగిరేవి.

ఆ సౌందర్యం వెనుక ప్రాణాపాయం పొంచి ఉంటుంది. 2010 మార్చి 3న బేగంపేట విమాన ప్రదర్శనలో నౌకాదళపు ‘సాగర్ పవన్’ బృందంలోని కిరణ్ కూలి, ఇద్దరు పైలట్లు అసువులు బాశారు.

శిక్షణ విమానాల కొరత ఏర్పడగా, 2011లో సూర్యకిరణ్ బృందపు విమానాలను మళ్ళీ శిక్షణకే మళ్ళించారు. 2015లో ఆ బృందం హాక్ విమానాలతో పునరుద్ధరింపబడింది. జనుల మెప్పు పొందిన కిరణ్, విద్య నేర్పే తన తొలి కర్తవ్యానికే మరలింది.

ప్రశ్నలు
1. శిక్షణ విమానం విన్యాసాలకు ఎందుకు తగినది?
2. 2011లో కిరణ్ విమానాలను శిక్షణకు ఎందుకు మళ్ళించారు?