వేదిక ఎక్కించే ముందు

మీర్‌పేట్

చిరంజీవికి ఆశీస్సులు.

కాలేజీలో మనుషుల అక్రమ రవాణాపై సభ పెట్టి, దాని బారి నుంచి బయటపడిన ఒక యువతి చేత మాట్లాడించాలన్న సంకల్పం మెచ్చదగినదే గానీ, ఇటువంటి సభలు చాలావరకు కన్నీళ్ల దగ్గరే ఆగిపోతాయి. ఆశ చూపో, బెదిరించో, మోసగించో మనిషిని దోపిడీ కోసం తరలించడం, దాచిపెట్టడం, చేతులు మార్చడం అన్నీ అక్రమ రవాణాయేనని భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ చెబుతుంది. 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు విడిపించిన రెండు వందలకు పైగా పిల్లల్లో అత్యధికులు బిహార్ నుంచి వచ్చినవారు. ఇటువంటి చాకిరీలో కన్నవారి చేతిలో పడిన అడ్వాన్సే మొదటి సంకెల. తాళం వేసిన గది ఆ తరువాతి సంగతి.

సునీతా కృష్ణన్‌ను ఇక్కడ తలచుకోక తప్పదు. పదిహేనేళ్ల ప్రాయంలో సామూహిక అత్యాచారానికి గురైన ఆమె, 1996లో హైదరాబాద్‌లోని మెహబూబ్ కీ మెహందీ అనే వేశ్యావాటిక నుంచి స్త్రీలను వెళ్లగొట్టినప్పుడు, ఖాళీ అయిన ఒక వేశ్యాగృహంలోనే వారి పిల్లలకు బడి తెరిచారు. ‘ప్రజ్వల’ సంస్థ అలా మొదలైంది. 2016లో పద్మశ్రీ అందుకున్న ఆమె గతాన్ని దాచలేదు, దాన్నే పట్టుకుని కూర్చోనూ లేదు. ఆ సంస్థ 2004లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం బాధితుల రక్షణకు ఒక పద్ధతి ఏర్పరచమని కోరింది.

ఆమెకు చెల్లిన తెగువను అందరి నుంచీ ఆశించడం అన్యాయం. మేజరైన అత్యాచార బాధితురాలు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఆమె పేరు బయటపెట్టడం నేరం; పిల్లల విషయంలో బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ మరింత కఠినం. ఫ్లెక్సీ మీద ఫొటో, వాట్సాప్ గ్రూపులో ఊరి పేరు చాలు, పాత దళారికి ఆమె ఆచూకీ దొరకడానికి.

సభలో ఆ యువతిని అడగవలసింది జరిగిన ఘోరం వివరాలు కావు. విడుదల ధ్రువపత్రం, అంటే వెట్టి నుంచి విముక్తి అయినట్టు అధికారులు రాసిచ్చే కాగితం, ఎన్నాళ్లకు చేతికొచ్చిందో, కోర్టు వాయిదాలకు బస్సు ఛార్జీలు ఎవరు పెట్టుకున్నారో అడగాలి. అక్రమ రవాణా వంటి తీవ్రమైన కేసుల్లో వెట్టి కార్మికుల పునరావాసానికి 2016 కేంద్ర పథకం ప్రకటించిన 3 లక్షల రూపాయలలో పెద్ద వాటా న్యాయప్రక్రియతో ముడిపడి ఉన్నందున, కేసు నానిన కొద్దీ ఆ సొమ్మూ నానుతుంది. రంగారెడ్డి జిల్లా బాలల సంరక్షణ అధికారినీ, స్థానిక పోలీసు అధికారినీ పిలిచి ముందు వరుసలో కూర్చోబెడితే, జవాబు చెప్పుకోవలసిన వంతు ఆ యువతిది కాక వారిదవుతుంది.

ఆశీస్సులతో,
పెద్దనాన్న