తెలుగక్షరములు సర్వరులో చెడుట ఎట్లు?

మా పాఠశాల వెబ్‌సైటులో పూర్వవిద్యార్థుల పట్టికలు రెండు కలవు. ఒకదానియందు పేర్లు, రెండవదానియందు వారి ఊళ్లు. గత వేసవిలో ఆ పట్టికలను పాత సర్వరునుండి క్రొత్త సర్వరునకు మార్చినపుడు పేర్లన్నియు అర్థము లేని రోమను గుర్తులుగను, ఊళ్లన్నియు ప్రశ్నార్థకముల వరుసలుగను మారిపోయినవి. ఇంగ్లీషులో వ్రాసియున్న అంశములకు మాత్రమేమియు కాలేదు. ఈ రెండు చిహ్నములను చూచి ఒకే రోగమని తలచుట సహజమే. కాని ఒకటి నయమగు రోగము, రెండవది నయము కానిది. పేర్లు మరల వచ్చినవి. ఊళ్లను మాత్రము అడ్మిషను రిజిస్టర్లు తిరుగవేసి మరల ఎక్కించవలసి వచ్చినది. తొమ్మిది, పది తరగతులలో కంప్యూటరు అభ్యసించుచున్న విద్యార్థులు ఈ భేదమును తెలిసికొనుట అవసరమని ఈ పాఠమును వ్రాయుచున్నాము. ఇందులకు కావలసిన గణితము భాగహారము మాత్రమే.

కంప్యూటరునకు అక్షరము తెలియదు, అంకె మాత్రమే తెలియును. ఏ అక్షరమునకు ఏ అంకె యని లోకమంతయు ఒక ఒప్పందమునకు వచ్చినది. దానికి యూనికోడు అని పేరు. 1991లో వెలువడిన దాని తొలి కూర్పునందే తెలుగునకు చోటు దొరకినది. అందు 3072 మొదలు 3199 వరకు గల 128 స్థానములు మనవి. ‘అ’ 3077వ స్థానమున, ‘క’ 3093వ స్థానమున ఉన్నవి. గుణింతపు గుర్తులకును వేర్వేరు అంకెలు కలవు. కొమ్మునకు 3137, వత్తు కట్టుటకు వాడెడి పొల్లునకు 3149. భారతీయ ప్రమాణమైన ఇస్కీ ననుసరించి మన లిపులన్నిటిని ఒకే వరుసలో అమర్చిరి గనుక ‘న’ కును ‘ప’ కును నడుమ 3113వ స్థానము ఖాళీగా ఉన్నది. తమిళ వరుసలో అది రెండవ నకారము కూర్చుండెడి పీట. ఇరుగుపొరుగు లిపుల చుట్టరికమునకు ఇంతకంటె చక్కని సాక్ష్యము మాకు కనబడలేదు.

ఇక బైటు సంగతి. ఒక బైటులో 0 నుండి 255 వరకు గల అంకెలు మాత్రమే పట్టును. 3093 పట్టదు. కావున దానిని ముక్కలు చేసి పంపవలెను. ఆ ముక్కలు చేయు పద్ధతియే యూటీఎఫ్-8. దీనిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు రూపొందించిరి. తెలుగు మట్టుకు ఆ లెక్క యిది: అక్షరపు అంకెను 64 చేత భాగించుడు. భాగఫలమునకు 128, శేషమునకు 128 కలుపుడు. ముందు 224 ఉంచుడు. 3093ను 64 చేత భాగింపగా భాగఫలము 48, శేషము 21. కాబట్టి ‘క’ యనగా 224, 176, 149 అను మూడు బైట్లు. తెలుగు వరుసలోని ప్రతి గుర్తునకును మూడేసి బైట్లు పట్టును. రెండవ బైటు 176 గాని 177 గాని అయి తీరును.

ఇప్పుడు పేర్ల పట్టికకు వత్తము. లాటిన్-1 అను పాత ఐరోపా పద్ధతిలో బైటు ఒక్కింటికి అక్షరమొక్కటి. అందు 224 అనగా తలపై ఏటవాలు గీత గల చిన్న ‘ఏ’. 176 అనగా ఉష్ణోగ్రత వ్రాయునపుడు అంకె పైన పెట్టెడి చిన్న సున్న. 177 అనగా గణితములోని కూడిక తీసివేతల జంట గుర్తు. తెలుగు బైట్లను ఈ పద్ధతిలో చదివినచో గీత గల ‘ఏ’, డిగ్రీ సున్న మాటిమాటికి కనబడును. మూడవ బైటు ఒక్కొక్కప్పుడు కంటికే కనబడదు. బైట్లు చెడలేదు, చదువరి చెడినాడు. తమిళమునకు రెండవ బైటు 174 గాని 175 గాని, కన్నడమునకు 178 గాని 179 గాని వచ్చును. కావున గీత గల ‘ఏ’ వెంట వర్గపు చిన్న రెండు కనబడిన అది కన్నడము, వలయములోని ‘ఆర్’ కనబడిన అది తమిళము. మూడు భాషలు చెవిని పడు మావంటి ఊళ్లలో ఈ గుర్తు మిక్కిలి ఉపయోగించును. చెడిన పుటను చూచియే అది ఎవరి మాటయో చెప్పవచ్చును.

ప్రశ్నార్థకముల కథ వేరు. డేటాబేసులోని గడి లాటిన్-1 అయి, దానికి వచ్చిన సరకు తెలుగని సర్వరునకు తెలిసినపుడు, ‘ఈ అక్షరము నాయొద్ద లేదు’ అని అది ప్రతి అక్షరమునకు బదులు ఒక ప్రశ్నార్థకమును వ్రాసి ఊరకుండును. ‘తెలుగు’ అను మాటలో మనకు కనబడునవి మూడు అక్షరములు, యూనికోడు గుర్తులు ఆరు, బైట్లు పదునెనిమిది. ఆ చోట సరిగా ఆరు ప్రశ్నార్థకములు నిలిచినచో మూలము పోయినదని గ్రహింపవలెను. ఇక దానిని ఏ పండితుడును తిరిగి చదువజాలడు. మైఎస్‌క్యూఎల్ అను డేటాబేసునకు చిరకాలము లాటిన్-1 యే స్వయముగా ఏర్పడియుండెడిది. 2018లో వచ్చిన 8.0 కూర్పునుండి మాత్రమే ఆ స్థానమును యూటీఎఫ్8ఎంబీ4 ఆక్రమించినది. అంతకు పూర్వము కట్టిన పట్టికలు నేటికిని ఎన్నియో తిరుగుచున్నవి.

అందుచేత దోషము కనబడినపుడు మొట్టమొదట చేయవలసినది దిద్దుబాటు కాదు, పరీక్ష. డేటాబేసు యొక్క నకలును తీసి వేరొకచోట దాచిన పిమ్మట, ‘హెక్స్’ అను ఆజ్ఞతో గడిలోని బైట్లను ఉన్నవి ఉన్నట్లుగా చూడవలెను. ఇది పదారు అంకెల లెక్కలో చూపును గాన 224 అనునది ‘ఇ0’ గాను, 176 ‘బి0’ గాను కనబడును. ‘ఇ0 బి0’ వరుస కనబడి, ఆ గడి యూటీఎఫ్8ఎంబీ4 దే యైనచో నిలువ క్షేమము. దోషము బయటికి వచ్చు దారిలో ఉన్నది. ‘3ఎఫ్ 3ఎఫ్’ అని కనబడినచో అవి నిజమైన ప్రశ్నార్థకములే. ‘సి3 ఏ0 సి2 బి0’ అని కనబడినచో ఒకమారు ముక్కలు చేసిన దానిని మరల ముక్కలు చేసినారన్నమాట. దానిని ఒక మెట్టు వెనుకకు తిప్పిన చాలును. బైట్లు ‘ఇ0 బి0’ గానే ఉండి గడికి మాత్రము లాటిన్-1 అని పేరున్న చిక్కు నాలుగవది. మా పేర్ల పట్టికకు పట్టినది ఇదియే. ఇట్టి గడిని నేరుగా యూటీఎఫ్-8 కు మార్చుమన్నచో సర్వరు ఆ బైట్లను లాటిన్ అక్షరములని నమ్మి మరల ముక్కలు చేయును. ముందు దానిని ‘బ్లాబ్’ అను ఉత్త బైట్ల గడిగా మార్చి, ఆ పిదప యూటీఎఫ్8ఎంబీ4 అని పేరు పెట్టవలెను. తొందరపడి దిద్దువారు మంచి సరకును చెరచునది ఈ చోటనే.

నిలువ క్షేమమని తేలిన పిమ్మట దారి వెదకవలెను. ప్రోగ్రాముకును డేటాబేసునకును నడుమ గల సంధానము ఏ పద్ధతిలో మాటలాడుచున్నదో ప్రోగ్రాములో స్పష్టముగా చెప్పియుండవలెను. ఆ మీదట సర్వరు బ్రౌజరునకు పంపెడి శీర్షిక. పుటలో యూటీఎఫ్-8 అని వ్రాసియుండగా, శీర్షికలో సర్వరు వేరొక పేరు చెప్పినచో బ్రౌజరు శీర్షికనే నమ్మును. అపాచీ సర్వరులో ‘యాడ్‌డిఫాల్ట్‌చార్‌సెట్’ అను పంక్తి, ఎన్‌జిన్‌ఎక్స్‌లో ‘చార్‌సెట్’ అను పంక్తి ఈ పని చేయును. దానిని సరిచేసి సర్వరుచేత మరల చదివింపవలెను. పుటను దిద్ది దిద్ది విసిగినవారిలో ఈ పంక్తిని తెరచి చూడనివారే యెక్కువ.

గళ్లు గళ్లుగా ఖాళీ చతురస్రములు కనబడుట పై వానిలో చేరదు. ఆ యంత్రములో తెలుగు ఫాంటు లేదు, అంతియే.

నల్లని వజ్రములో ప్రశ్నార్థకము కనబడుట మాత్రము విచారింపదగినది. అది సగము తెగిన అక్షరమునకు గురుతు. ‘వేంకటసుబ్బలక్ష్మి’ అను పేరులో మనము ఏడక్షరములు లెక్కింతుము. యూనికోడు గుర్తులు పదునేడు, బైట్లు 51. పేరునకు 50 బైట్లు చాలునని ఇంగ్లీషు పేర్లను మనసులో నుంచుకొని ప్రోగ్రాము వ్రాసినచో, కడపటి గుడికి చెందిన మూడవ బైటు తెగిపోయి, ఆ బాలిక పేరు చివర వజ్రము మిగులును. హాల్‌టికెట్టు మీద, సర్టిఫికెట్టు మీద ఒక యక్షరము తప్పినందుకు తల్లిదండ్రులు ఎన్ని కార్యాలయముల మెట్లెక్కవలసి వచ్చునో మీ యిండ్లలో అడిగినచో తెలియును. పీహెచ్‌పీ భాషలో ‘స్ట్రెలెన్’ బైట్లను లెక్కించును, ‘ఎంబీ-స్ట్రెలెన్’ యూనికోడు గుర్తులను లెక్కించును. పేరును కోయునపుడును కొలుచునపుడును రెండవ జాతికి చెందిన ఆజ్ఞలనే వాడవలెను. పేరు గడిలో ఇంగ్లీషు అక్షరములను తప్ప ఒప్పుకొనని ఫారములును కలవు. అది యంత్రదోషము కాదు, వ్రాసినవాని యెరుకలేమి. అట్టిచోట తల్లిదండ్రులు వ్రాతమూలకముగా అడుగుటయే మేలని మా యభిప్రాయము.

అభ్యాసము: ఒక చెడిన పుటనుండి ఈ క్రింది బైట్లు దొరకినవి.

224, 176, 138. 224, 176, 176. 224, 177, 129.

నడిమి అంకెనుండి 128 తీసివేసి, మిగిలినదానిని 64 చేత గుణించి, మూడవ అంకెనుండి 128 తీసివేయగా వచ్చినదానిని దానికి కలుపుడు. అచ్చులు ‘అ’ మొదలు ‘ఊ’ వరకును, హల్లులు ‘క’ మొదలు ‘ర’ వరకును వర్ణమాల వరుసలోనే ఉన్నవి. 3113వ ఖాళీ పీటను మరువవలదు. మాట దొరకిన పిదప దానియందలి అక్షరములెన్ని, గుర్తులెన్ని, బైట్లెన్నియో వ్రాసి, మీ పేరునకును అట్లే లెక్క కట్టి, నోటుపుస్తకములను సోమవారము తెలుగు తరగతికి తీసికొని రావలెను.