సంకర మొక్కజొన్న వ్యాప్తి: ఆవిష్కరణకు, ఆర్థిక భౌగోళికానికి గల సంబంధం

కొత్త వంగడం ఒక ప్రాంతంలో త్వరగా వ్యాపించి, మరొక ప్రాంతంలో వెనుకబడినప్పుడు, అందుకు రైతుల విద్య, వయస్సు, దృక్పథాలను కారణాలుగా చూపడం పరిపాటి. కాని ఆ ఆవిష్కరణ ఆ ప్రాంతానికి తగిన రూపంలో చేరినదా అనేది ముందుగా తేల్చవలసిన విషయం. అమెరికాలో సంకర మొక్కజొన్న చరిత్ర దీనిని స్పష్టం చేస్తుంది.

రయాన్, గ్రాస్ 1943లో ప్రచురించిన అధ్యయనంలో అయోవా రాష్ట్రంలోని రెండు సముదాయాలకు చెందిన 259 మంది రైతులను పరిశీలించారు. 1928–1941 మధ్య ఇద్దరు మినహా అందరూ సంకర విత్తనాన్ని స్వీకరించారు. విత్తన విక్రేతల ద్వారా సమాచారం తెలిసినా, నమ్మకం కలిగించినది ఇరుగుపొరుగు రైతులే. అయితే ఈ అధ్యయనం ఒకే రాష్ట్రానికి పరిమితం.

జ్వీ గ్రిలికెస్ 1957లో రాష్ట్రాల మధ్య తేడాలను విశ్లేషించి, వ్యాప్తిని ఆరంభ కాలం, వేగం, గరిష్ఠ స్థాయి అనే మూడు అంశాలుగా విభజించారు. ఏ ఒక్క సంకరమూ అన్ని ప్రాంతాలకు సరిపోదు. పంటకాలాన్ని బట్టి ప్రతి ప్రాంతానికీ వేరుగా రూపొందించాలి. అందుచేత మొక్కజొన్న విస్తీర్ణం దట్టంగా ఉన్న అయోవా వంటి చోట్లకే విత్తన సంస్థలు ముందుగా వెళ్లాయి. అలబామా వంటి దక్షిణాది రాష్ట్రాలలో వ్యాప్తి ఎన్నో ఏళ్ల తరువాత మొదలైంది. ఆరంభంలో జాప్యానికి ప్రధాన కారణం విత్తన లభ్యత. ఆ తరువాతి వేగాన్ని చాలావరకు నిర్ణయించినది రైతుకు దక్కే లాభం.

విత్తన స్వభావం కూడా ముఖ్యమే. 1986లో బాపట్ల నుండి విడుదలైన సాంబ మసూరి (బిపిటి 5204) స్వపరాగ సంపర్క పంట అయిన వరికి చెందిన వంగడం. దాని విత్తనాన్ని రైతు దాచుకోగలడు, పొరుగువారికి ఇవ్వగలడు. సంకర విత్తనాన్ని ప్రతి పంటకూ కొనవలసిందే. కనుక విక్రేత చేరని ఊరికి అది చేరదు. విస్తీర్ణం చెదురుమదురుగా ఉండే వర్షాధార చిరుధాన్యాల వైపు ప్రైవేటు సంస్థలకు ఆకర్షణ తక్కువ. అక్కడ ప్రభుత్వ పరిశోధన, గ్రామస్థాయి విత్తనోత్పత్తి ఆ లోటును పూరించాలి.

కనుక విస్తరణ శాస్త్రవేత్తలు సర్వేలో మూడు ప్రశ్నలను ముందుంచాలి. ఆ నేలకు, ఆ పంటకాలానికి తగిన వంగడం ఉన్నదా? విత్తే అదనుకు విత్తనం అందినదా? అదనపు ఆదాయం అదనపు ఖర్చును, నష్టభయాన్ని మించినదా? వీటిలో ఏ ఒక్కదానికి సమాధానం ‘లేదు’ అయినా, ఆ రైతును ‘ఆలస్యంగా స్వీకరించేవాడు’ అని వర్గీకరించడం శాస్త్రీయం కాదు. ఆ జాప్యాన్ని పరిశోధన, సరఫరా వ్యవస్థల లెక్కలో వేయాలి.