గులాబీ మొక్కలో రెండు మొక్కలు
(ఇంటర్ ద్వితీయ సంవత్సరం, బై.పి.సి. విద్యార్థిని)

పూలలో రాణి గులాబీ అని చిన్నప్పటి నుంచి వ్యాసాలలో రాస్తూనే ఉన్నాం. ఆ రాణిగారిని తెచ్చి పెంచితే గానీ ఆమెకు ఎంత సేవ చేయాలో తెలియదు. మన హాస్టల్‌లో బట్టలు ఉతికే బండ దగ్గర ఉన్న రెండు గులాబీ మొక్కలను మీరంతా చూస్తూనే ఉన్నారు. ఎర్రది ఎందుకు పూయడం లేదని అడగని వారు లేరు. ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ వ్యాసం రాస్తున్నాను. ఇంటి దగ్గర మొక్కలు పెంచుకునే వారికి కూడా ఉపయోగపడుతుందని నా ఆశ.

మాది తూర్పు గోదావరి జిల్లా కడియం మండలం. కడియం, కడియపులంక నర్సరీల పేరు మీరు వినే ఉంటారు. మా అమ్మ అక్కడ ఒక నర్సరీలో కూలికి వెళుతుంది. కవర్లలో మట్టి నింపడం, కలుపు తీయడం, చలికాలం వస్తే గులాబీలకు అంటు కట్టడం ఆమె పని. మా ఇంటి ముందు మాత్రం ఒక్క గులాబీ మొక్క కూడా లేదు. గుమ్మం దిగితే రోడ్డే.

పోయిన సంవత్సరం దసరా సెలవుల తర్వాత వచ్చేటప్పుడు అమ్మ నాకు రెండు మొక్కలు ఇచ్చింది. ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. వార్డెన్ మేడమ్‌ను అడిగి నీళ్ళకు దగ్గరగా ఉంటుందని బండ పక్కన నాటాను. అదే నేను చేసిన మొదటి తప్పు. గులాబీకి రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి, అది అక్కడ ఉంది. కానీ మనం ఉతికిన సబ్బు నీళ్ళన్నీ వేళ్ళలోకి పోయాయి. సబ్బులోని క్షారం వల్ల మట్టిలో ఇనుము ఉన్నా వేరు దానిని పీల్చుకోలేదు. అందుకే లేత ఆకులు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా కనిపించాయి. కామాటి గారు పలుగుతో చిన్న కాలువ తవ్వి ఆ నీళ్ళను పక్కకు మళ్ళించిన తర్వాత కొత్త ఆకులు సరిగ్గా వచ్చాయి.

నాటే పద్ధతి కష్టమేమీ కాదు. అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు గొయ్యి తీసి, రెండు పాళ్ళు మట్టికి ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, రెండు గుప్పెళ్ళు వేపపిండి కలిపి నింపాలి. కవరు కోసి మట్టిగడ్డ చెదరకుండా దించాలి. కాండం మొదట్లో ఒక కణుపులా ఉబ్బుగా ఉంటుంది. అది మట్టిలో కూరుకుపోకుండా కొద్దిగా పైకి ఉండాలి. అమ్మ ఈ మాట రెండుసార్లు చెప్పింది. ఎందుకో నేను అడగలేదు.

చలికాలంలో రెండూ పూశాయి. ఎర్రపువ్వు కోసం జరిగిన గొడవలు ఇక్కడ రాయను, ఎవరివో వారికే తెలుసు.

ఏప్రిల్‌లో సెలవులిచ్చారు. హాస్టల్ మూశారు. జూన్‌లో తిరిగి వచ్చి చూస్తే పసుపు మొక్క బక్కచిక్కి ఉంది, ఎర్రది మాత్రం నా ఎత్తు పెరిగి ఉంది! లేత పచ్చని కొమ్మలు, నిండా ఆకులు. ఎండలకు కూడా చావలేదని అందరం ఎంతో సంతోషించాం. నేను రోజూ బియ్యం కడిగిన నీళ్ళు పోశాను. కోడిగుడ్డు పెంకులు పొడి చేసి వేశాను. జూలై పోయింది, ఆగస్టు పోయింది, దసరా కూడా వచ్చింది. ఒక్క మొగ్గ లేదు.

నవంబరులో ఒక ఆదివారం అమ్మ నన్ను చూడడానికి వచ్చింది. మొక్కను చూసి నవ్వింది. "ఇదేంటే, దీనికా నువ్వు రోజూ నీళ్ళు పోస్తున్నావు? ఇది మన గులాబీ కాదు, కింద మొక్క" అంది.

నర్సరీ నుంచి మనం కొనుక్కొచ్చే పెద్దపూల గులాబీ మొక్కలలో చాలావరకు ఒక్క మొక్క కావు, రెండు మొక్కలు. నేల కింద ఉండేది మొండి జాతి. దానిని వేరుమూలం అంటారు. మల్టీఫ్లోరా అనే అడవి గులాబీ రకాన్ని ఇందుకు ఎక్కువగా వాడతారు. దానికి వేరు బలం ఎక్కువ, పూసేది గుత్తులుగా చిన్న చిన్న పూలు. నేల పైన ఉండేది మనకు కావలసిన పూల రకం. దాని కన్ను ఒకటి తెచ్చి వేరుమూలం కాండం మీద కడితే అతుక్కుని పెరుగుతుంది. ఆ అతుకే నేను చెప్పిన ఉబ్బు. నీళ్ళు లేక పైమొక్క ఎండిపోయింది. వేరు బతికి, అతుకు కింద నుంచి తన సొంత కొమ్మలు వేసింది. మనం అయిదు నెలలు పెంచింది వాటినే.

నాకు సిగ్గు వేసింది. అంటు కట్టడం మన పాఠంలో ఉంది. బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. ఎదురుగా ఉన్న మొక్కను మాత్రం గుర్తు పట్టలేకపోయాను. అమ్మ బడికి వెళ్ళలేదు. కేంబియం అనే మాట ఆమెకు తెలియదు, "బెరడు కింద జిగురు పొర" అంటుంది. మన పుస్తకంలో ఉన్నది కూడా అదే కదా.

కింద మొక్కను ఎలా గుర్తించాలి? ఆకులు లెక్కపెట్టమని చాలామంది చెబుతారు. పూల రకానికి ఒక ఈనెకు అయిదు చిట్టి ఆకులు, కింద మొక్కకు ఏడు లేదా తొమ్మిది అని. మల్టీఫ్లోరా విషయంలో ఇది చాలావరకు నిజమే గానీ, కొన్ని మంచి రకాలకు కూడా ఏడు ఆకులు వస్తాయి. అందుచేత లెక్కను నమ్మి కొమ్మ తీసేయకండి. మట్టి కొంచెం తవ్వి, ఆ కొమ్మ అతుకుకు పైన పుట్టిందా, కింద పుట్టిందా చూడండి. కింద పుట్టినదయితే పుట్టిన చోటనే పట్టుకుని కిందికి లాగి చీల్చేయాలి. నేల మట్టానికి కత్తిరిస్తే ఒకటి పోయి నాలుగు వస్తాయి. మన పసుపు మొక్కకు అలాంటి కొమ్మ ఒకటి ఉంటే అమ్మే తీసేసింది.

ఎర్రదాన్ని పీకేద్దామన్నాను. "పీకకే, వేరు బంగారంలా ఉంది. మళ్ళీ కన్ను కడదాం" అంది.

సంక్రాంతి సెలవులయ్యాక అమ్మ నన్ను దింపడానికి వచ్చినప్పుడు నర్సరీలో అడిగి ఎర్రగులాబీ కొమ్మలు నాలుగు తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. పూసి రాలిన కొమ్మ మీద, ఆకు మొదట్లో ఉబ్బి ఇంకా విచ్చుకోని కన్ను అయితే మంచిది. మొదట బొటనవేలితో పక్కకు నొక్కి ముళ్ళు విరిచేసింది. గులాబీ ముల్లు అంత తేలిగ్గా ఊడి రావడానికి కారణం ఉంది. అది కాగితంపూల చెట్టు ముల్లులాగా కొమ్మ మారి ఏర్పడినది కాదు, పై పొర నుంచి పుట్టినది మాత్రమే. తర్వాత కింద మొక్క కాండం మీద అంగుళం పొడవున నిలువుగా ఒక గాటు, దాని పైన అడ్డంగా ఒక గాటు పెట్టింది. చూడడానికి ఇంగ్లీషు టి అక్షరంలా ఉంటుంది. బెరడును కత్తి మొనతో మెల్లగా విప్పి, కన్నును డాలు ఆకారంలో కోసి లోపలికి జార్చింది. కన్ను మాత్రం బయటికి కనిపించేలా ప్లాస్టిక్ టేపుతో గట్టిగా చుట్టింది. అంతా కలిపి ఒక నిమిషం కూడా పట్టలేదు. రెండు పొరలు ఒకదానికొకటి తగలాలి, కోసిన చోట గాలికి ఆరకూడదు, వేలితో తాకకూడదు. మొత్తం విద్య ఇంతే. తర్వాత కత్తి నా చేతికి ఇచ్చింది. నాకు ఒక్కో కన్నుకు పావుగంట పట్టింది.

కత్తిరింపు గురించి కూడా చెప్పాలి. మన ప్రాంతంలో వర్షాలు తగ్గాక, అక్టోబరు నుంచి గులాబీలను కత్తిరిస్తారు. కత్తిరించిన సుమారు 45 నుంచి 50 రోజులకు పూలు వస్తాయి. జనవరి 26న జెండాలో చుట్టడానికి రేకులు కావాలని నేను వెనక్కి లెక్క వేసి డిసెంబరు 8న పసుపు మొక్కను కత్తిరించాను. మొదటి పువ్వు 27న విచ్చుకుంది! జెండాలో బంతిపూలే వేశాం. బయటి వైపు చూసే కన్నుకు పావు అంగుళం పైన, ఏటవాలుగా కోయాలి. ఎండిన కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు తీసేయాలి. కోసిన చివర నల్లబడి కిందికి పాకే ఎండు తెగులు గులాబీకి పెద్ద శత్రువు. నలుపు కంటే రెండు అంగుళాలు కింద పచ్చగా ఉన్న చోట కోసి బోర్డో పేస్టు పూయాలి. 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం విడివిడిగా కరిగించి ఒక లీటరు నీటిలో కలిపితే అదే బోర్డో పేస్టు. ఇనుప డబ్బాలో మాత్రం కలపకండి. మైలుతుత్తంలో ఇనుప మేకు వేస్తే ఏమవుతుందో పదో తరగతిలో చూశారు కదా.

నీళ్ళు ఉదయం పూట మొదట్లోనే పోయాలి. సాయంత్రం మగ్గుతో ఆకుల మీద చల్లితే రాత్రంతా తడిగా ఉండి నల్లమచ్చ తెగులు వస్తుంది. మచ్చల ఆకులు రాలితే ఏరి కాల్చేయండి. పేనుబంకకు లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నురగ కలిపి కొడితే చాలు.

ఇక వేసవి సంగతి. ఈసారి రెండు మొక్కల చుట్టూ కొబ్బరి పీచు, ఎండుటాకులు మందంగా పరచి వెళతాను. అడుగున చిన్న చిల్లు పెట్టి గుడ్డవత్తి దూర్చిన కుండలను పక్కన పాతి, నీళ్ళు నింపి, మూత పెడతాను. కుండ ఖాళీ అయినప్పుడల్లా నింపుతానని వాచ్‌మన్ తాతగారు ఒప్పుకున్నారు.

ఎర్ర మొక్కకు మొత్తం ఏడు కళ్ళు కట్టాం. అమ్మ కట్టిన రెండూ పచ్చగా ఉన్నాయి. నేను కట్టిన అయిదింటిలో నాలుగు నల్లబడి రాలిపోయాయి, ఒకటి ఇంకా పచ్చగానే ఉంది. కన్ను మూడు వారాలు పచ్చగా ఉంటే అతుక్కున్నట్టే అని అమ్మ చెప్పింది. ఈ వ్యాసం రాస్తున్న నాటికి పంతొమ్మిది రోజులయింది. దయచేసి ఆ టేపు ఎవరూ విప్పి చూడవద్దు.