రంగూను నుండి నడచివచ్చినవారు

పాఠభాగములు: 137వ కీర్తన, యిర్మీయా 29వ అధ్యాయము.



బబులోను చెరను గూర్చి చదువునప్పుడు అది ఎక్కడిదో దూరదేశపు సంగతియని తలంచుచుందుము. మన తెలుగువారికిని అట్టి కథ యొకటి కలదు. దానికి దగ్గరగా నున్న సినిమా 1952లో వచ్చిన ‘పరాశక్తి’ అను తమిళ చిత్రము. రంగూనులో ముగ్గురు అన్నదమ్ములు, మదురలో వారి చెల్లెలి పెండ్లి. యుద్ధకాలమగుటచేత ఓడలో ఒక్కనికే చోటు దొరకును. తక్కిన యిద్దరు బాంబులకు వెరచి కాలినడకను బయలుదేరి, దారిలో విడిపోవుదురు. నడిమివాడు కాలు పోగొట్టుకొని బిచ్చగాడగును. సినిమాలో ఆ నడక త్వరగా ముగియును. నిజమైన నడకకు వారములు, నెలలు పట్టినవి.

గోదావరి, విశాఖపట్టణము, గంజాము జిల్లాల నుండి మనవారు లక్షకు పైగా బర్మాలో నుండిరి. రేవులో మూటలు మోసిరి, బియ్యపు మిల్లులలో పనిచేసిరి, వీధులు ఊడ్చిరి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరునుబట్టి వారిని కోరంగీలని పిలిచిరి. 1930 మే నెలలో రేవు కూలి విషయమై పుట్టిన తగవు అల్లరిగా మారి, వారిలో అనేకులు చంపబడిరి. అయినను కూడు అక్కడనే యున్నది గనుక నిలిచిరి.

1941 డిసెంబరు 23న రంగూనుపై జపానువారి బాంబులు పడెను. పారిపోయిన కూలీలలో అనేకులను ప్రోము దగ్గర ఆపి, రేవుపని నిలిచిపోవునని వెనుకకు పంపిరి. 1942 మార్చిలో పట్టణము కూలెను. తౌంగప్ కనుమ మీదుగా కొందరు, తము మీదుగా మణిపురమునకు కొందరు, వానలలో హుకాంగు లోయగుండ కొందరు, లక్షలకొలది నడచిరి. కలరాచేతను ఆకలిచేతను వేలకొలది దారిలోనే రాలిపోయిరి. దొరలకొక దారి, నల్లవారికొక దారి యేర్పరచిరని కాంగ్రెసు నాయకులు బహిరంగముగా నిందించిరి.

యుద్ధమైన పిమ్మట కొందరు మరల పోయిరి. 1964లో బర్మా ప్రభుత్వము దుకాణములను స్వాధీనము చేసికొనగా ఓడలలో తిరిగి వచ్చిరి. విశాఖపట్టణములో బర్మా క్యాంపు అను పేట ఇప్పటికిని కలదు. తండ్రి రంగూనులో నుండి కోరంగిని తలంచెను. అక్కడ పుట్టిన కుమారుడు విశాఖలో నుండి రంగూనును తలంచెను. వీరిలో ఎవరిది స్వదేశము?

మన పాఠభాగములు రెండును ఈ ప్రశ్నకు ఒకే జవాబు చెప్పవు. కీర్తనలోని చెరవారు పాడుటకు ఒప్పుకొనరు. యిర్మీయా పంపిన పత్రికయైతే ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుడి, ఆ పట్టణపు క్షేమము కోరుడి అనును. మనకు యిర్మీయాయే సులువు. కీర్తన చివరి వచనమును గుడిలో చదువక దాటవేయుట మన అలవాటు. శవములను దాటుకొని నడచివచ్చినవాడు దానిని దాటవేయునా? ఆ కోపమును దేవుని యెదుటనే పలికిరిగదా, మరియొక చోట కాదు. పత్రిక వ్రాసిన ప్రవక్తయు డెబ్బది సంవత్సరములైన పిమ్మట తిరిగి వత్తురనెను గాని, మరచిపొండని చెప్పలేదు.

2020 ఏప్రిల్, మే నెలలలో మన అత్వెల్లి ప్రక్కనున్న 44వ జాతీయ రహదారిమీద ఉత్తరదేశపు పనివారు బిడ్డలను ఎత్తుకొని నడచిపోయిరి. మనలో కొందరము మజ్జిగ ఇచ్చితిమి. కొందరము రోగమునకు జడిసి తలుపులు వేసికొంటిమి; ఆ సంగతి దాచనేల? పనులు తెరచిన తరువాత అనేకులు మేడ్చల్ షెడ్లకు తిరిగి వచ్చిరి. ఆ యెండలో మజ్జిగ త్రాగి వారడిగినది అన్నము కాదు, నాగపూరు ఇంకెంత దూరమని. అయిదువందల కిలోమీటర్లకు కొంచెము తక్కువ అని చెప్పవలసివచ్చెను.